చివరి చెంబు నీళ్ళు

నొప్పులు పడుతున్న ఆడమనిషిని మీరు ఎప్పుడైనా "దాహంగా ఉందా?" అని అడిగారా? ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగి ఉంటారు. బరువెంత అని, పోలిక ఎవరిదని అడిగి ఉంటారు. దాహం సంగతి అడిగారా? మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పైగా మాది ప్రతిదానికీ ఎందుకు అని అడగడం నేర్పిన ఇల్లు.

మా ఊరు హనుమాన్ జంక్షన్‌కు దగ్గర, కాలవ గట్టు మీద. నాన్నకు కొద్దిపాటి మాగాణి ఉండేది. అయితే ఆయన మనసంతా వాదనల మీదే. సాయంత్రం కాగానే గ్రంథాలయం అరుగు మీదికి చేరేవాడు. ముహూర్తాలు, జాతకాలు, దిష్టి, శకునాలు, ఏది దొరికితే దాన్ని పట్టుకుని చీల్చేవాడు. ఇంటికొచ్చాక అన్నం దగ్గర కూడా అదే పని. "అమ్మాయ్, ఇవాళ నువ్వు పురోహితుడి పక్షం. కానియ్" అనేవాడు. నేను ఓడిపోతే నవ్వేవాడు, గెలిస్తే ఇంకా ఎక్కువ నవ్వేవాడు. అక్క ఈ గొడవలోకి వచ్చేది కాదు. తన కంచం తీసుకుని లేచిపోయేది. అమ్మ పొద్దున్నే దీపం పెట్టుకునేది, నాన్న దాని జోలికి పోయేవాడు కాదు. ఎదుటి మనిషి నమ్మకాన్ని మాటతో ఎదిరించాలి తప్ప చేత్తో కాదని ఆయన నియమం. ఆ నియమం మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. అందులో నుంచే మా ఇంటి పొరపాటు పుట్టిందని తెలిసినా ఉంది.

అక్క తొలిచూలు కాన్పుకి పుట్టింటికి వచ్చింది. డెబ్భయ్యో దశకం మొదటి రోజులు. నేను బెజవాడలో కాలేజీలో చదువుతున్నాను. కాన్పు ఎక్కడ అన్న దగ్గర అమ్మకీ నాన్నకీ పేచీ వచ్చింది. నాన్న బెజవాడ ఆసుపత్రి అన్నాడు. ఊళ్ళో మంత్రసాని చేతిలో ఆయన మేనత్త పోయింది, అది ఆయన మరచిపోలేదు. అమ్మ ఇంట్లోనే అంది. ఆసుపత్రిలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వరట, నొప్పులు పడే మనిషికి వేడి పాలల్లో ఇంత నెయ్యి వేసి తాగించకపోతే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది అని ఆమె వాదన. నాన్న దాన్ని కొట్టిపారేశాడు. ఆయన వంతు వచ్చినప్పుడు బాలింతకు మంచినీళ్ళు ఇవ్వకపోవడం అనే ఆచారాన్ని ఎత్తుకున్నాడు. మా వైపు అప్పట్లో బాలింతకు పురుడు వెళ్ళేదాకా నీళ్ళు పెట్టేవారు కాదు. నీళ్ళు తాగితే శీతం చేస్తుందని, పొట్ట జారిపోతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని చెప్పేవారు. పాత బియ్యం అన్నం, శొంఠి పొడి, వెల్లుల్లి కారం, పైన నెయ్యి. ఇంత కారం తిన్న మనిషికి రోజు మొత్తం మీద శొంఠి వేసి మరిగించిన నీళ్ళు ఒక చిన్న గ్లాసుడు. అదీ గొంతు తడుపుకోడానికి మాత్రమే.

వాదన చాలా రోజులు నడిచింది. చివరికి వాళ్ళిద్దరూ రాజీకి వచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు మాట, ఇంటికొచ్చాక అమ్మ మాట. ఒకరి హద్దులోకి మరొకరు రాకూడదు. బిడ్డ పుట్టేదాకా అమ్మ తన నెయ్యి పాల సంగతి ఎత్తకూడదు. పుట్టాక నాన్న నీళ్ళ సంగతి ఎత్తకూడదు.

నాన్న దాన్ని అరుగు మీద గొప్పగా చెప్పుకున్నాడు. మొగుడూ పెళ్ళాం ఎలా ఉండాలో చూడండి, కొట్టుకోకుండా తిట్టుకోకుండా మాటతో తేల్చుకున్నాం అన్నాడు. నేనూ కాలేజీలో నా స్నేహితురాళ్ళకు చెప్పాను. మా ఇల్లు ఎంత నాగరికమైందో అని మురిసిపోయాను. హద్దు గీసింది పొలం మీద కాదు, అక్క గొంతు మీద. అక్క అప్పుడు వంటింటి గుమ్మంలోనే కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కకు సుఖంగానే కాన్పయింది. ఆదివారం నేను ఇంటికి వచ్చేసరికి మంచం కింద కుంపటి, గది నిండా సాంబ్రాణి పొగ, అక్క చెవుల్లో దూది, తలకు గుడ్డ. నేను అమ్మను పట్టుకుని నీళ్ళ విషయం వాదించాను. ఒంట్లో నీరు ఎంత పోతుందో, పాలు దేనివల్ల వస్తాయో పుస్తకంలో చదివినదంతా అప్పజెప్పాను. అమ్మ వినీ విననట్టు రోట్లో శొంఠి దంచుకుంటూ పోయింది. అక్క మంచం మీద నుంచి మా ఇద్దరినీ చూస్తూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఈమె ఎంత ఓర్పుగల మనిషో అనుకున్నాను.

ఆ తర్వాత అక్క ఓర్పు మా ఇంట్లో ఒక కథ అయింది. నీళ్ళు లేకుండా నెగ్గుకొచ్చింది, పిల్లాడు ఎంత పుష్టిగా ఉన్నాడో చూడు అని వచ్చినవాళ్ళకు అమ్మ చెప్పేది. నాన్న పైకి ఒప్పుకునేవాడు కాదు గానీ ఆ మాటకు ఎదురు చెప్పడం మానేశాడు. ఎదురుగా రుజువు ఉంటే వాదించే మనిషి కాదు ఆయన. పిల్లాడు రుజువైపోయాడు.

దశకం చివర్లో నా వంతు వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి పటమటలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. కాన్పుకి పుట్టింటికి వచ్చాను. పాత రాజీ నాకూ వర్తిస్తుందని ఎవరూ విడిగా చెప్పక్కర్లేకపోయింది.

ఎండాకాలం. తెల్లవారుతూనే నొప్పులు మొదలైతే టాక్సీలో బెజవాడ తీసుకెళ్ళారు. చిన్న నర్సింగ్ హోమ్. లోపలికి అడుగు పెట్టగానే నర్సు అమ్మ చంకలో ఉన్న ఫ్లాస్కు చూసింది.

"ఏంటమ్మా అది?"

"వేడి పాలండి. రెండు గుక్కలు..."

"ఇక్కడ అయ్యేమీ కుదరవు. నోట్లో నీళ్ళు కూడా పొయ్యొద్దు. ఆపరేషన్ పడితే మీరు బాధ్యతా?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. అమ్మ ఫ్లాస్కు మీద తువ్వాలు కప్పేసింది. మాట మాటే.

ఎండ నెత్తి మీదికొచ్చింది. నొప్పి వచ్చినప్పుడు నొప్పి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. అది తగ్గినప్పుడల్లా దాహం. నాలుక అంగిలికి అతుక్కునేది. కిటికీ అవతల ఎవరో కొళాయి కింద బిందె పెట్టారు, నిండి పొర్లిపోతోంది, ఆ చప్పుడు వింటూ పడుకున్నాను. నాన్న ఒకసారి గుమ్మం దాకా వచ్చాడు.

"నాన్నా, ఒక్క గుక్క ఇప్పించు. ఎందుకివ్వకూడదో అడుగు."

"డాక్టరు చెప్పింది కదమ్మా. కారణం ఉంటుంది."

మా నాన్న నోటినుంచి కారణం ఉంటుంది అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. జాతకం చెప్పేవాణ్ణి, అమావాస్య నాడు ప్రయాణం ఆపేవాణ్ణి, ఎవరినీ ఆయన ఆ మాటతో వదిలిపెట్టలేదు. తెల్ల కోటు ముందు ఆయన ప్రశ్న ఆగిపోయింది.

కారణం నిజంగానే ఉంది. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు నాకు చెప్పింది. మామూలుగా సాగే కాన్పులో గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగనివ్వచ్చని కూడా ఆమే చెప్పింది. ఆ రెండు ముక్కలూ ఆ రోజు ఎవరైనా నా మంచం దగ్గర నిలబడి చెప్పి ఉంటే నేను సహించేదాన్ని, లేదా వాదించేదాన్ని. కారణం చెప్పని నియమం మంత్రంతో సమానం. అది సంస్కృతంలో ఉన్నా ఒకటే, ఇంగ్లీషులో ఉన్నా ఒకటే.

చివరి ఘడియల్లో నాకు ఓపిక లేదు. నర్సు పొట్ట మీద చెయ్యి వేసి, "గట్టిగా తొయ్యమ్మా. అన్నం తిన్లేదా ఏంటి?" అంది. ఆమె వేళాకోళానికి అనలేదు. రోజూ అందరితోనూ అనే మాట అది. పక్కనున్న ఆయా నవ్వింది. ఆ స్థితిలో కూడా నాకు నవ్వు వచ్చింది. నవ్వడానికి నోరు తెరిస్తే పెదవి చిట్లింది.

చివరికి బిడ్డను పట్టుకారు లాంటి పరికరంతో లాగారు. ఆడపిల్ల. నుదుటి పక్కన గీత పడింది గానీ గట్టిగానే ఏడ్చింది. కాసేపటికి ఆయా గ్లాసుడు కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను తాగినంత సేపూ అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. అది ఆసుపత్రి గ్లాసు, ఆమె హద్దు ఇంకా మొదలు కాలేదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆమె నన్ను ఆపలేదు. టాక్సీ గన్నవరం దాటి మా ఊరి రోడ్డు ఎక్కేసరికి ఆమె హద్దు మొదలైంది.

గది, కుంపటి, దూది, తలగుడ్డ. శొంఠి ముద్ద, వెల్లుల్లి కారం, నెయ్యి. ఇంత మండే ఎండలో ఆ చిన్న గ్లాసుడు నీళ్ళు ఏ మూలకు? నేను వాదించాను. అమ్మ ఎప్పటి సమాధానమే చెప్పింది.

"మీ అక్క ఉండలా? దానికేమైంది? నీకంటే సుకుమారమైంది అది."

ఆ మాట నా నోరు మూయించింది. శాస్త్రం తెలుసు, ఆచారం తప్పని తెలుసు. కానీ అక్క చెయ్యగలిగింది నేను చెయ్యలేనా అన్న పంతం ఉంది చూశారూ, అది శాస్త్రం కంటే బలమైంది. చదువుకున్నవాళ్ళలో ఆచారాలు ఎందుకు బతుకుతాయో నాకు ఆ మంచం మీదే తెలిసింది. నమ్మకం వల్ల కాదు, పక్కవాళ్ళు ఓర్చుకున్నారన్న లెక్క వల్ల.

ఒక మధ్యాహ్నం మాత్రం తట్టుకోలేకపోయాను. నాన్న వసారాలో పేపరు చదువుతున్నాడు. "నాన్నా, నీళ్ళు" అన్నాను. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన నిజంగానే లేచి, మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, గ్లాసు ముంచుకుని గది గుమ్మం దాకా వచ్చాడు. అమ్మ అడ్డం నిలబడలేదు. కూర్చున్నచోటు నుంచి లేవను కూడా లేదు.

"ఆసుపత్రిలో నేను నోరెత్తానా?" అంది.

నాన్న "ఎత్తలేదు" అన్నాడు. గ్లాసు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన జీవితంలో మాట తప్పని మనిషి. ఆ ఒక్కసారి తప్పి ఉంటే బాగుండేది.

రోజూ స్నానం చేయించేది అమ్మే. పెరట్లో తడికె చాటున పీట. రాగి గంగాళంలో వావిలాకు వేసి కాచిన నీళ్ళు. ఒంటికి పసుపూ నూనే పట్టించి, ఆ వేడి వేడి నీళ్ళు నడుం మీద, భుజాల మీద చెంబులు చెంబులు గుమ్మరించేది. గొంతు ఎండిపోయిన మనిషి ఒంటి మీద అన్ని నీళ్ళు పోయడం ఎలాంటి శిక్షో ఆమెకు తెలియదా అని నాకు ఒళ్ళు మండేది. అంతా అయ్యాక పక్కన విడిగా మూతపెట్టి ఉంచిన ఒక చెంబు తీసేది. అందులో ఆకు ఉండేది కాదు, అంత వేడిగా కూడా ఉండేది కాదు. "ముఖం పైకెత్తు" అనేది. నేను ఎత్తేదాన్ని. ఆ నీళ్ళు మాత్రం గుమ్మరించకుండా సన్నటి ధారగా, చాలా నెమ్మదిగా, నుదుటి మీద నుంచి పోసేది. పోస్తూ ఎటో దొడ్డి వైపు చూసేది.

నేను కళ్ళూ నోరూ గట్టిగా మూసుకుని కూర్చునేదాన్ని. పెదవుల మీదుగా నీళ్ళు జారిపోతుంటే నా పంతం ఇంకా పెరిగేది. చాటుగా చుక్క మింగి గెలిచాననిపించుకునే దాన్ని కాదు అనుకునేదాన్ని. చెంబు ఖాళీ అయ్యాక అమ్మ ఒక్క క్షణం ఆగేది. తర్వాత తువ్వాలు నా తల మీద వేసేది. ప్రతిరోజూ అదే వరస.

పురుడు వెళ్ళకముందే నాకు జ్వరం వచ్చింది. పెదవులు పొక్కిపోయాయి, మాట తడబడింది. మళ్ళీ టాక్సీ, మళ్ళీ ఆ నర్సింగ్ హోమే. డాక్టరమ్మ నా నాలుక చూసి అమ్మ మీద విరుచుకుపడింది. బాలింతకు నీళ్ళు ఇవ్వకుండా చంపేస్తారా, మీలాంటి మూర్ఖుల వల్లే ఇట్లా అవుతోంది అంది.

అమ్మ భయపడలేదు. "మొన్న మీరేగదమ్మా ఇవ్వొద్దన్నారు" అంది.

"అది కాన్పుకి ముందు. ఇది తర్వాత."

"మా ఇంట్లో ముందు ఇస్తామండి. తర్వాత ఇవ్వం. మీరు ముందు ఇవ్వరు, తర్వాత ఇమ్మంటారు. పిల్ల మాత్రం ఒకటేనండి."

డాక్టరమ్మ సెలైన్ పెట్టమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయింది. నాన్న ఆ మాటలు విని గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆయన గ్రంథాలయం అరుగు మీద ఎన్నో గెలిచాడు గానీ, ఇంత సూటి మాట ఆయన నోటినుంచి కూడా నేను వినలేదు. ఆ మాటను ఆమె అన్నేళ్ళ ముందే, ఆ రాజీ దగ్గర, తన ఆచారం మీద కూడా వేసుకుని చూసుకుంటే!

జ్వరం తగ్గింది. పాలు మాత్రం మళ్ళీ సరిగా పడలేదు. దాహం వల్లే పడలేదని నేను రుజువు చెయ్యలేను. జ్వరం వల్ల కావచ్చు, మందుల వల్ల కావచ్చు. రుజువు లేనిదాన్ని రుజువని చెప్పడం నాకు రాదు. నా కూతురు డబ్బా పాలతో పెరిగింది. బాగానే పెరిగింది. కానీ ఆకలికి నా రొమ్ము వెతికి, దొరక్క ముఖం తిప్పుకున్న ఆ పసిముఖం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

వర్షాలు మొదలయ్యాక అక్క పటమటలో మా ఇంటికి వచ్చింది. డబ్బా మూత తీసి పాలు కలుపుతున్న నన్ను చూస్తూ కూర్చుంది. నేను ఎకసెక్కంగా అన్నాను, అందరూ నీలా నీళ్ళు లేకుండా బతకలేరు కదా అని. అక్క ముఖం మారిపోయింది.

"అదేంటే. అమ్మ నీకు పొయ్యలా?"

"ఏం పోస్తుంది?"

"నీళ్ళు పోసేటప్పుడు. చివరి చెంబు. ఆకు వెయ్యని నీళ్ళు."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. అక్క చెప్పింది. తన కాన్పప్పుడు ఇంటికొచ్చిన రెండోనాడే దాహం ఆగక ముఖం మీద పడుతున్న నీళ్ళు మింగేసిందట. అమ్మ చూసింది. తిట్టలేదు. మర్నాడు నుంచి మంచినీళ్ళు విడిగా కాచి, చల్లార్చి, మూతపెట్టి తెచ్చేది. ముఖం పైకెత్తమని సన్నగా పోసేది. అక్క కడుపునిండా తాగేది. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకునేవారు కాదు.

"నీకూ అట్లాగే పోస్తుందిలే అనుకున్నానే" అంది అక్క.

పోసింది. రోజూ పోసింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాకు ఆదర్శంగా చూపించిన అక్క రోజూ కడుపునిండా తాగిన అక్క. ఆ సంగతి తెలిసిన అమ్మే ఆ ఆదర్శాన్ని నాకు చూపించింది. అబద్ధం ఆడాలని కాదు. నాన్న దగ్గర తన మాటా నిలబెట్టుకోవాలి, కూతురి గొంతూ తడపాలి. ఆ రెంటికీ ఆమెకు దొరికిన దారి అదొక్కటే.

ఆ తర్వాత ఊరు వెళ్ళినప్పుడు అమ్మను అడిగాను. చెరిగే బియ్యం మీద నుంచి ఆమె తల ఎత్తలేదు.

"ముఖం పైకెత్తమన్నాను కదే. ఇంకెట్లా చెప్పేది? పైకి చెప్తే మీ నాన్న దగ్గర నా మాట ఏం కావాలి?"

"తాగమ్మా అని ఒక్కసారి చెవిలో అనకపోయావా?"

"నీతో చెప్తే ఊరంతా సభ పెట్టేదానివి" అంది. చేట కింద పెట్టింది. "తాగుతావేమోనని రోజూ చూసేదాన్ని" అంది.

ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. నా బాధ ఆచారం మీద ఒక్కటే అయితే తేలిగ్గా ఉండేది. ఆచారాన్ని తిట్టి పడుకునేదాన్ని. మా ఇంట్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. నాన్నకు తెలిసింది నిజం, అమ్మకు తెలిసింది కూడా నిజం. ఆయన ఆమె మూఢత్వాన్ని చూశాడు, ఆమె ఆసుపత్రి మొండితనాన్ని చూసింది. ఇద్దరూ తమ తమ సగం పట్టుకుని, మాట తప్పకుండా, మర్యాదగా ఒక మనిషి దాహాన్ని పంచుకున్నారు. అమ్మ జాలి పడింది, కానీ ఆ జాలిని నలుగురిలో ఒప్పుకోలేదు. ఒప్పుకోని జాలి అక్కను కాపాడింది, ఆచారాన్ని కూడా కాపాడింది. ఊళ్ళో మరో పది ఇళ్ళలో మా అక్క కథ చెప్పి బాలింతల గ్లాసులు తీసేసి ఉంటారు. వాళ్ళలో ఎవరికి ఏమైందో నాకు తెలియదు.

మీ ఇంట్లో ఇప్పుడు నెలలు నిండుతున్న కూతురో కోడలో ఉంటే, ఈ కాగితం పక్కన పెట్టి ముందు ఆమెను అడగండి, ఆమెకేం కావాలని. తర్వాత ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏం తాగచ్చు, ఏం తినచ్చు, ఎప్పటిదాకా, వద్దంటే ఎందుకు వద్దు అని ఆమె వినేలా అడగండి. కారణం చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. మీ అత్తగారినీ అమ్మనూ కూడా అదే ప్రశ్న అంతే గట్టిగా అడగండి. రేపు ఆమె బిడ్డతో ఇంటికొచ్చాక నిండు చెంబు ఆమె చేతికందే చోట పెట్టండి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా పెట్టండి. ఎవరైనా దాన్ని తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.